రొద పుట్టిన చోటు

"ఇంజిన్ ఆపితే పాట శుభ్రంగా ఉంటది తమ్ముడూ. స్టార్ట్ చేశానంటే వెనకాల ఎవరో ఈల వేస్తున్నట్టుంటది."

1998 ఎండాకాలంలో, విజయవాడ ఆటోనగర్‌లోని మా షాపు ముందు ఒక డీజిల్ టాక్సీ ఆపి డ్రైవరు అన్న మాట ఇది. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. ఆటో ఎలక్ట్రికల్ పనిలో చేరి మూడేళ్లయింది. హెడ్‌లైట్ల రిలేలు, సెల్ఫ్ మోటార్లు, హారన్లు, కారు స్టీరియోలు నా చేతి మీదుగా పోతున్నాయి. మేస్త్రి గారు ఆ రోజు బంధువుల పెళ్లికని బందరు వెళ్లారు. షాపు నా మీద వదిలి వెళ్లడం అదే మొదటిసారి.

బానెట్ ఎత్తి ఇంజిన్ స్టార్ట్ చేయించాను. ఈల నిజంగానే ఉంది. రేస్ ఇస్తే పైకి పోతోంది, వదిలితే కిందికి దిగుతోంది. డ్రైవరుకు సాయంత్రం కిరాయి ఉంది. పెద్దవాళ్లను, పిల్లలను ఎక్కించుకుని శ్రీశైలం పోవాలి. "దారంతా పాటలు ఉండాలి, కానీ ఈల ఉండకూడదు" అన్నాడు. మా దగ్గర ఫిల్టర్లు ఉండేవి. ఇనుప పలక మీద రాగి తీగ చుట్టిన చోక్, పక్కనే ఒక కండెన్సర్, చిన్న డబ్బా. స్టీరియోకు కరెంటు వచ్చే వైరు మధ్యలో దాన్ని కలిపాను. ఈల పోయింది. డ్రైవరు మొహం వెలిగింది. టీకని డబ్బులు కూడా ఇచ్చాడు. మేస్త్రి గారు లేకుండా సొంతంగా ఒక పని ముగించానని ఆ రాత్రి మా అమ్మకు చెప్పుకున్నాను.

మూడో రోజు పొద్దున్న అదే టాక్సీని ఒక లారీ వెనక తాడు కట్టి తీసుకొచ్చారు.

వినుకొండ దాటాక చీకటి పడిందట. హెడ్‌లైట్లు ముందు పసుపుపచ్చగా మారి, తర్వాత దీపం వత్తిలా సన్నబడి, చివరికి ఆరిపోయాయి. డీజిల్ బండి కాబట్టి ఇంజిన్ నడుస్తూనే ఉంది, దారి మాత్రం కనపడలేదు. ఒక మలుపులో ఎదురుగా వస్తున్న లారీ అంగుళాల దూరంలో తప్పుకుపోయింది. ఆ తర్వాత రోడ్డు పక్కన ఆపేసి, లోపల ముసలమ్మ, ఇద్దరు చిన్నపిల్లలు, మిగతా వాళ్లు తెల్లారేదాకా కూర్చున్నారు. డ్రైవరు నన్ను తిట్టలేదు. లైట్లకూ నేను చేసిన పనికీ సంబంధం ఉంటుందని అతనికి తోచలేదు. నాకూ తోచలేదు.

మేస్త్రి గారికి తోచింది. స్టీరియో వెనక నేను బిగించిన డబ్బాను చూసి, "ఇది ఎప్పుడు పెట్టావు?" అని అడిగారు. చెప్పాను. వేరే బ్యాటరీ వేసి ఇంజిన్ స్టార్ట్ చేయించి, మీటరు తీశారు. దాని తోలు సంచి చిరిగిపోయి, ట్యూబు రబ్బరుతో కట్టి ఉండేది. ముల్లు ఏసీ వైపు తిప్పి, ఎర్ర వైరు కొసన ఒక కండెన్సర్ తగిలించి, బ్యాటరీ మీద పెట్టారు. బ్యాటరీ డీసీ కదా, ఏసీలో ఎందుకు చూస్తున్నారో నాకు అర్థం కాలేదు. కండెన్సర్ డీసీని ఆపేసి, పైన కలిసి వస్తున్న ఏసీని మాత్రమే మీటరుకు పంపుతుందని చెప్పారు. ముల్లు ఒక వోల్టు దాకా లేచింది. పక్కనే ఆగిన ఇంకో కారుకు అలాగే పెట్టి చూపించారు. అక్కడ ముల్లు కదిలీ కదలనట్టుగా ఉంది.

"డైనమోలో పుట్టేది ఏసీ కరెంటే అబ్బాయ్" అన్నారు. డ్రైవర్లందరిలాగే ఆయన కూడా ఆల్టర్నేటర్‌ను డైనమో అనేవారు. "మూడు చుట్టల నుంచి మూడు అలలుగా వస్తుంది. ఆరు డయోడ్లు వాటిని ఒకే దిక్కుకు తిప్పి డీసీ చేస్తాయి. ఎంత తిప్పినా పైన చిన్న చిన్న గతుకులు మిగులుతాయి. అవి ఎప్పుడూ ఉండేవే, బ్యాటరీ చాలావరకు మింగేస్తుంది. ఒక డయోడ్ పోయిందనుకో, గతుకులు గోతులవుతాయి. చార్జింగ్ తగ్గిపోతుంది. పగలు తెలియదు. రాత్రి లైట్లేస్తే తెలుస్తుంది. ఈ బండి నీ దగ్గరికి వచ్చి ఆ సంగతే చెప్పింది. నువ్వు దాని నోట్లో గుడ్డ కుక్కావు."

ఆయన గొంతు పెంచలేదు. ఆ మాట ఇరవై ఏడేళ్లుగా నా చెవిలో ఉంది. డైనమో విప్పితే ఆరింటిలో ఒక డయోడ్ నల్లగా మాడి ఉంది. దాన్ని మార్చి, నేను పెట్టిన ఫిల్టరు పీకేసి, ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఈల లేదు. డ్రైవరు దగ్గర మేస్త్రి గారు డబ్బు తీసుకోలేదు. ఆ రాత్రి ఎదురుగా వచ్చిన లారీ గురించి డ్రైవరు చెబుతున్నప్పుడు అతని చేతులు వణకడం నేను చూశాను. చెవికి ఇబ్బందిగా ఉన్న చప్పుడును చెవికి దూరం చేస్తే పని అయిపోయినట్టు కాదని నాకు తెలిసింది ఆ చేతుల వల్లనే.

*

మరుసటి ఏడాది, వానలు మొదలైన రోజుల్లో, ఒక వయొలిన్ మాస్టారు వచ్చారు. సంగీత పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. తెల్ల పంచె, చేతిలో గొడుగు, మాట చాలా నెమ్మది. ఆయన కొడుకు విదేశం నుంచి డబ్బు పంపి కారు కొనిపించాడు. డ్యాష్‌బోర్డులో క్యాసెట్ డెక్, డిక్కీలో ఆంప్లిఫైయర్, నాలుగు స్పీకర్లు పెట్టించాడు. ఆ వైరింగు చేసింది నేనే, రెండు నెలల కిందట.

"అబ్బాయీ, రెండు చప్పుళ్లు ఉన్నాయి" అన్నారు మాస్టారు. అప్పటిదాకా మా షాపుకు వచ్చిన వాళ్లంతా 'సౌండ్ బాగా లేదు' అనేవాళ్లు, లేదా 'ఏదో గోల' అనేవాళ్లు. చప్పుళ్లు లెక్కపెట్టి తెచ్చిన మనిషిని నేను చూడలేదు. "ఒకటి ఈల. కారు నిలబడి ఉన్నప్పుడు నా శ్రుతికి రిషభం దగ్గర పలుకుతుంది. కాలు నొక్కితే జారు గమకంలా పైకి పోతుంది. రెండోది టపటపమని కొట్టుకోవడం. అది క్యాసెట్ పెట్టినప్పుడు రాదు, రేడియో పెడితేనే వస్తుంది."

ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ ఉన్న క్యాసెట్ ఒకటి జేబులోంచి తీసి డెక్‌లో పెట్టారు. పాత రికార్డింగు. వెనకాల బూడిద రాలుతున్నట్టు ఒక సన్నని హిస్ ఉంది. నేను దాన్ని చూపించబోతే చేయి అడ్డం పెట్టారు. "అది టేపుది. దాంతో నాకు పేచీ లేదు, ఆ కచేరీ జరిగిన కాలం ధూళి అది. కమాను తీసిన చోట, రెండు సంగతుల మధ్య ఒక మౌనం ఉంటుంది చూడు. ఆ మౌనంలోకి మన కారు వచ్చి కూర్చుంటోంది. అది తీసేయగలవా?"

ఫిల్టరు డబ్బాలున్న అర వైపు నేను చూడలేదు. మేస్త్రి గారి వైపు చూశాను. ఆయన అప్పటికే చేతులు తుడుచుకుంటూ లేచారు.

ఆ రోజు పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం దాకా ఆయన చేసిన పనిని వరసగా చెబుతాను. తర్వాత నేను పట్టుకున్న ప్రతి కారుకూ ఈ వరసే పాటించాను.

ముందు బ్యాటరీ. మూత తీసి చూస్తే మైనస్ టెర్మినల్ చుట్టూ తెల్లటి, ఆకుపచ్చటి పొక్కు కట్టి ఉంది. వేడినీళ్లలో వంటసోడా కలిపి పోసి, బ్రష్‌తో రుద్ది, క్లాంపు బిగించారు. ఇంజిన్ ఆపి కొలిస్తే పన్నెండున్నర వోల్టులు, స్టార్ట్ చేస్తే పద్నాలుగు. చార్జింగ్ బాగుంది. ఏసీలో కొలిస్తే ముల్లు కదల్లేదు. "డైనమోలో తప్పు లేదు. ఇక దాని జోలికి పోవద్దు" అన్నారు. ఒక అనుమానం తీరితే దాన్ని మళ్లీ తవ్వకూడదని ఆయన నియమం.

ఇంజిన్ నడుస్తుండగా డెక్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించమన్నారు. పాట పోయింది, ఈల పోలేదు. ఉన్నంతే ఉంది. "ఇప్పుడుందా?" అని మాస్టారిని అడిగారు. "ఉందండీ, అదే స్థాయిలో" అన్నారు మాస్టారు. "నీకు?" అని నన్నడిగారు. "ఉంది మేస్త్రి గారూ." వాల్యూముతో పాటు ఈల కూడా తగ్గి ఉంటే, అది డెక్‌లోకో అంతకుముందో వచ్చి చేరినట్టు. తగ్గలేదంటే డెక్ వాల్యూము దాటాకే, అంటే డెక్ నుంచి ఆంప్లిఫైయర్‌కు పోయే దారిలోనో, ఆంప్లిఫైయర్‌లోనో చేరుతున్నట్టు. వాల్యూము గుండీ ఒక్కసారి తిప్పితే అనుమానాల్లో సగం కొట్టుకుపోయాయి.

తర్వాత సొరుగులోంచి రెండు ఆర్సీఏ పిన్నులు తీశారు. పాత వైర్ల నుంచి కోసి, లోపలి సూదినీ బయటి కడియాన్నీ చిన్న రాగి ముక్కతో కలిపి సోల్డర్ చేసి పెట్టుకున్నవి. కరెంటు పూర్తిగా ఆపాకే డిక్కీలో ఆంప్లిఫైయర్ నుంచి సిగ్నల్ వైర్లు పీకారు. కరెంటు ఉండగా పీకితే, కడియం తగలకూడని చోట తగిలి, డెక్ లోపల తలవెంట్రుకంత సన్నటి ఫ్యూజు ఎగిరిపోయే ప్రమాదం ఉంది. అది పోయిందంటే అప్పటిదాకా లేని ఈల కూడా వచ్చి కూర్చుంటుంది. వైర్లు పీకిన చోట ఆ మూగ పిన్నులు గుచ్చి ఇంజిన్ స్టార్ట్ చేయించారు.

నిశ్శబ్దం. మాస్టారు తల ఊపారు. ఆంప్లిఫైయర్‌లో తప్పు లేదు.

ఇప్పుడు సిగ్నల్ వైరును తిరిగి ఆంప్లిఫైయర్‌కు పెట్టి, దాని అవతలి కొసను డెక్ నుంచి ఊడదీసి, ఆ మూగ పిన్నులను అక్కడ తగిలించారు. వైరు ఉంది, డెక్ లేదు. చెవి స్పీకరు దగ్గర పెడితే చాలా సన్నగా ఈల వినపడింది. "కొంచెం ఉంది" అన్నాన్నేను. "ఎంత? ముందున్న దాంట్లో సగమా, పావా?" అని గట్టిగా అడిగారు. "పావు కూడా లేదు." "అది వైరు పట్టుకుంటున్నది. గుర్తు పెట్టుకో, తర్వాత చూద్దాం."

ఎదురు షాపు కుర్రాడి దగ్గర వాక్‌మన్ అడిగి తెచ్చాను. దాన్ని అదే వైరుకు కలిపి పాట పెట్టాం. పాట శుభ్రంగా వచ్చింది. వాక్‌మన్ తన సొంత బ్యాటరీల మీద నడుస్తుంది, కారు ఇనుముతో దానికి ఏ లంకే లేదు. డెక్‌కు ఉంది. అది తగిలించగానే ఈల పెద్దగా వస్తోందంటే గొడవ ఎర్త్‌లో ఉందన్నమాట.

కారులో ప్రతి పరికరానికీ ఒకటే ప్లస్ వైరు పోతుంది, మైనస్ కోసం కారు ఒళ్లంతా వాడుకుంటాం. దాన్నే బాడీ ఎర్త్ అంటాం. ఒళ్లంతా ఇనుమే కాబట్టి ఎక్కడ బిగించినా ఒకటే అని నేను అనుకునేవాడిని. మేస్త్రి గారు మీటరు ఒక కొసను డిక్కీలో ఆంప్లిఫైయర్ ఎర్త్ మీద, ఇంకో కొసను పొడుగాటి వైరుతో ముందున్న బ్యాటరీ మైనస్ మీద పెట్టి, పాట గట్టిగా పెట్టమన్నారు. రెండూ మైనస్‌లే కదా, మీటరు సున్నా చూపించాలి. 0.4 వోల్టు చూపించింది.

"చూశావా? నీ డెక్ ఎర్త్ ఒక ఎత్తులో ఉంది, ఆంప్లిఫైయర్ ఎర్త్ ఇంకో ఎత్తులో ఉంది. రెండు చెరువుల మధ్య కాలవ తవ్వినట్టు వాటి మధ్య సిగ్నల్ వైరు వేశావు. నీళ్లు ఊరుకుంటాయా? డైనమో గతుకులు ఆ వైరు పైతొడుగు మీదుగా పారుతున్నాయి. ఆంప్లిఫైయర్‌కు అది పాటో గతుకో తెలియదు, వచ్చిందంతా పెంచి స్పీకర్లకు పంపుతుంది."

ఎర్త్ ఎక్కడ బిగించానో వెతికితే సీటు బెల్టు బోల్టు కింద ఉంది. ఆ బోల్టు చుట్టూ పెయింటు గీరలేదు. రింగు కింద రంగు, దాని కింద సీలంటు, ఆ కిందెక్కడో ఇనుము. బోల్టు మరల్లోంచి మాత్రమే కాస్త కరెంటు పోతోంది. మేస్త్రి గారు ఆ బోల్టును వేలితో తట్టారు. "ఇది ప్రాణాల కోసం ఉన్న బోల్టు. దీన్ని ఇంకే పనికీ వదులు చేయకూడదు." ఆ రెండు తప్పులూ నావే. మాస్టారు ఎదుట ఒప్పుకున్నాను. ఆయన "తెలిసింది కదా" అని మాత్రం అన్నారు.

కొత్త చోటు వెతకడానికి నన్ను కారు కిందికి దూరమన్నారు. పైన రంధ్రం వేస్తే కింద పెట్రోలు ట్యాంకు, పైపు తగలకూడదు. చేత్తో తడిమి చోటు ఖాయం చేశాం. ఆంప్లిఫైయర్‌కు జానెడు దూరంలో, మందపాటి రేకు. రూపాయి బిళ్లంత మేర ఉప్పుకాగితంతో రుద్దాను. ముందు తెల్ల రంగు పోయింది, తర్వాత బూడిద రంగు ప్రైమర్ పోయింది, ఆ తర్వాత ఇనుము అద్దంలా మెరిసింది. "ఇంకా" అన్నారు. ఇంకా రుద్దాను. పళ్లున్న వాషరు వేసి, రాగి రింగు పెట్టి, అది కదలనంత బిగించాం. తుప్పు పట్టకుండా పైన గ్రీజు పూశాం. డ్యాష్‌బోర్డు కింద డెక్ ఎర్త్‌ను కూడా పలచని రేకు నుంచి తీసి గట్టి ఇనుముకు మార్చాం. మళ్లీ మీటరు పెడితే 0.03.

ఇంజిన్ స్టార్ట్ చేశాను. "ఇప్పుడుందా?" మాస్టారు కళ్లు మూసుకున్నారు. "చాలా పోయింది. దూరంగా, పక్క వీధిలో ఎవరో ఊదుతున్నట్టుంది."

ఆ పక్క వీధి ఈల, వైరు పట్టుకుంటున్న ఆ కొంచెం. బ్యాటరీ నుంచి డిక్కీకి పోయే లావు ఎర్ర వైరునూ, సిగ్నల్ వైరునూ కలిపి ఒకే టేపు చుట్టి, డ్రైవరు వైపు కార్పెట్ కింద వేశాను. చూడడానికి నీటుగా ఉంటుందని. కరెంటు వైరు పక్కనే ఉంటే దాని రొద సిగ్నల్ వైరులోకి పాకుతుంది. రెంటినీ విడదీసి, సిగ్నల్ వైరును ఎడం వైపు నుంచి తెచ్చాం. ఒకచోట మరో కరెంటు వైరును దాటక తప్పలేదు. అక్కడ రెంటినీ కూడిక గుర్తులా అడ్డంగా దాటించాం, పక్కపక్కన సాగనివ్వలేదు. కార్పెట్ అంతా లేపి మళ్లీ పరవడానికి రెండు గంటలు పట్టింది. మధ్యాహ్నం భోజనం చేయలేదు. మాస్టారు కూడా చేయలేదు.

నాలుగింటికి మళ్లీ స్టార్ట్ చేశాను. నిదానంగా రేస్ ఇచ్చాను. మేస్త్రి గారు మా ఇద్దరి మొహాలు మార్చి మార్చి చూస్తున్నారు. "ఇప్పుడుందా? పైకి పోతున్నప్పుడు ఉందా?" మాస్టారు చాలాసేపు విన్నారు. "లేదండీ" అన్నారు.

*

ఆ ఈల రిషభం దగ్గర ఎందుకు పలికిందో తర్వాత ఏళ్లలో కాగితం మీద లెక్క వేసుకున్నాను. ఇంజిన్ నిలకడగా నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే, బెల్టు కప్పీల వల్ల డైనమో దానికి రెండున్నర రెట్లు, 2,000 చుట్లు తిరుగుతుందనుకుందాం. దాని లోపల ఆరు జతల అయస్కాంత ధ్రువాలుంటే సెకనుకు 200 అలలు పుడతాయి. మూడు చుట్టలూ, ఆరు డయోడ్లూ కలిసి ఒక్కో అలకు ఆరు గతుకులు మిగులుస్తాయి. సెకనుకు 1,200. వయొలిన్ తేలిగ్గా అందుకునే స్వరమే అది. ఇంజిన్ 3,000 చుట్లకు పోతే అదే 4,500 అవుతుంది. మాస్టారు జారు అన్నది ఈ ప్రయాణాన్నే. కాలు నొక్కిన కొద్దీ పైకి పోయే ఈల డైనమోది తప్ప మరొకటి కాదని అందుకే గట్టిగా చెప్పవచ్చు. ఇంజిన్‌తో నిమిత్తం లేకుండా ఒకే స్వరంలో మోగేదైతే పెట్రోలు ట్యాంకులోని పంపునో, ఏసీ ఫ్యానునో అనుమానించాలి.

టపటప సంగతి మర్నాడు చూశాం. మాస్టారు తెల్లవారుజామున విజయవాడ ఆకాశవాణిలో భక్తిరంజని వింటారు. 1948 డిసెంబరు 1న మొదలైన ఆ కేంద్రం మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద వచ్చేది. పున్నమ్మతోట స్టూడియోలకు దగ్గరలోనే ఉంటూ, ఆ ఊరి రేడియో ఆ ఊళ్లోనే సరిగ్గా వినపడకపోవడం ఆయనకు మనస్తాపంగా ఉండేది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 800 చుట్లు తిరుగుతుంటే నిమిషానికి 1,600 సార్లు నిప్పురవ్వ పుడుతుంది. 1887 ప్రాంతంలో హైన్‌రిచ్ హెర్ట్జ్ రేడియో తరంగాల్ని పుట్టించింది ఇలాంటి నిప్పురవ్వతోనే. అంటే ప్రతి పెట్రోలు కారూ బానెట్ కింద ఒక చిన్న ప్రసార కేంద్రాన్ని మోస్తున్నట్టే. మీడియం వేవ్ రేడియో దాన్ని కూడా వినేస్తుంది.

ఏరియల్ వైరు డెక్ నుంచి పీకితే టపటప ఆగింది. అంటే రొద కరెంటు దారిలో రావడం లేదు, ఏరియల్ గుండా గాలి దారిలో వస్తోంది. ఏరియల్ మొదలు మడ్గార్డుకు బిగించిన చోట వాననీళ్లు దిగి తుప్పు పట్టింది. అక్కడ ఎర్త్ లేకపోతే ఏరియల్ వైరు పైతొడుగు కాపలా కాయడం మానేసి, తానే ఏరియల్‌గా మారిపోతుంది. తుప్పు గీరి, కొత్త వాషరు వేశాం. ప్లగ్గు వైర్లు పాతబడి, చీకట్లో చూస్తే ఒకదాని మీద నీలిరంగు మెరుపు పాకడం కనపడింది. వాటి బదులు రెసిస్టెన్స్ ఉన్న కార్బన్ వైర్లు వేశాం. టపటప పూర్తిగా పోలేదు. మాస్టారు, "భక్తిరంజనికి ఇది చాలు. అవతల గాయకుడి ఊపిరి వినపడుతోంది" అన్నారు.

ఆ కారు తాళాలు తీసుకునే ముందు ఆయన ఒక పని చేశారు. ఇంజిన్ నడుస్తోంది, డెక్ వెలుగుతోంది, క్యాసెట్ పెట్టలేదు. అద్దాలన్నీ ఎత్తించి, ఒక్కరే లోపల కూర్చుని, పాట లేని స్పీకర్లను రెండు నిమిషాలు విన్నారు. తర్వాతే ద్వారం వారి క్యాసెట్ లోపలికి తోశారు.

*

చప్పుళ్ల జాతులు కాలంతో మారాయి. సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో, ఫోను మోగబోయే ముందు స్పీకర్లలో 'డబ్ డబ్ డబ్' అని వచ్చేది. జీఎస్ఎం ఫోను సెకనుకు 217 సార్లు ఆగి ఆగి తరంగాలు వదలడం వల్ల వచ్చేది ఆ చప్పుడు. ఫోనును డెక్‌కు దూరంగా పెట్టమని చెబితే చాలేది. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఫిర్యాదు ఆక్స్ వైరుది. ఫోను ఒక వైపు సిగరెట్ లైటర్ సాకెట్లో చార్జవుతూ, ఇంకో వైపు ఆక్స్ వైరుతో స్టీరియోకు తగిలితే, రెండు ఎర్త్‌లు కలిసి, మాస్టారి కారులో పుట్టిన ఈలే మళ్లీ పుడుతుంది. చార్జర్ పీకి చూడండి. ఈల పోతే మీ స్టీరియోలో తప్పు లేదు. ఆ రెండు ఎర్త్‌లను విడదీసే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాలు దొరుకుతాయి, చవక వాటిలో బేస్ కొంత పలచబడుతుంది. చవక ఎల్ఈడీ బల్బులు, డ్యాష్ కెమెరాలు ఎఫ్ఎంలో బుసలు పుట్టిస్తాయి. ఒక్కొక్కటీ పీకుతూ పోతే దొంగ దొరుకుతాడు. రెండు ఒకేసారి పీకితే మాత్రం ఏది దొంగో ఎప్పటికీ తెలియదు.

మేస్త్రి గారు 2011లో పని మానేశారు. మానేసే ముందు ఒక సాయంత్రం, షట్టరు దించాక, నన్ను కూర్చోబెట్టి చెప్పారు. ఆయనకు ఈల వినపడక అప్పటికి పదిహేనేళ్లయింది. చిన్నప్పటి నుంచి లారీ ఇంజిన్ల మధ్య, హారన్లు పరీక్షిస్తూ బతికిన చెవులు. సన్నటి స్వరాలు ముందుగా పోయాయట. కిందనున్న ఈల కొద్దికొద్దిగా తెలిసేది, రేస్ ఇస్తే పైకి పోయి ఎక్కడో మాయమయ్యేది. ఎవరికీ చెప్పలేదు. చెవులు లేని స్టీరియో మేస్త్రి దగ్గరికి ఎవరు వస్తారని భయం.

మాస్టారి కారు రోజున నన్ను పరీక్షిస్తున్నారని అనుకున్నాను. "ఇప్పుడుందా? పైకి పోతున్నప్పుడు ఉందా?" అని ఆయన మా మొహాల్లోకి చూసింది పరీక్షించడానికి కాదు. ఆయన దగ్గరున్నవి ఒక మీటరు, రెండు మూగ పిన్నులు, మా ఇద్దరి చెవులు. వాటితోనే, తనకు వినపడని ఈల పుట్టిన చోటికి అడుగడుగునా నడిచి వెళ్లారు. తన చెవిని నమ్ముకోలేడు కాబట్టి ఏ ఒక్క అడుగునూ దాటెయ్యలేదు. బాగా వినపడే నేను ఆ టాక్సీ ఈల విన్నాను, పోగొట్టాను, అది ఏం చెబుతోందో ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ పిన్నులు ఇప్పుడు నా సొరుగులో ఉన్నాయి. సోల్డర్ నల్లబడింది, రాగి ముక్క చెక్కుచెదరలేదు. పోయిన నెల ఒక కారుకు వాటిని తగిలించి, నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడిని రేస్ ఇవ్వమన్నాను. మూడు వేల చుట్లు దాటాక నాకు ఏమీ వినపడలేదు. కుర్రాడి మొహం మాత్రం చిట్లింది.

"ఉందా?" అని అడిగాను.

"ఉంది అన్నా, బాగా పైన" అన్నాడు.

ఇంజిన్ ఆపించి, మీటరు తెమ్మన్నాను.